ఎవరూ ఏరని నాణేలు

ఆస్పత్రి ఉద్యోగం నుంచి రిటైరై, అన్నయ్య ఇంటికి రెండు వీధుల అవతల చిన్న వాటా అద్దెకు తీసుకున్నాక, పిట్టకు పాత వెండి నాణేలు కొనాలన్న కోరిక పుట్టింది. ఒకటీ అరా కాదు, కుప్పగా కొనాలని.

ఆమె అసలు పేరు ఇంట్లో ఎవరూ పలకరు. చిన్నప్పుడు వసపిట్టలా వాగుతూ ఉండేదని తండ్రి పిట్ట అన్నాడు, అదే ఖాయమైపోయింది. తర్వాత నర్సై, హెడ్ నర్సై, పెద్ద పెద్ద డాక్టర్ల చేత సిస్టర్ గారూ అనిపించుకున్నా, అన్నయ్య గుమ్మం తొక్కితే మాత్రం పిట్టే. పెళ్ళి చేసుకోలేదు. చేతికొచ్చిన రిటైర్మెంట్ సొమ్ములో కొంత వెండిలో పెడతానని వదినకు చెప్పినప్పుడు, వదిన కూర తరుగుతున్న చెయ్యి ఆపి, పెట్టుబడికైతే బ్యాంకులో కడ్డీలు అమ్ముతారు కదా, ఈ నాణేల గోల ఎందుకని అడిగింది.

"డబ్బు కోసం కాదు వదినా. చప్పుడు కోసం," అంది పిట్ట.

వదినకు ఇంకేం చెప్పనక్కర్లేకపోయింది. ఆ చప్పుడు ఆమెకూ తెలుసు.

పిట్ట తండ్రిది వెండి కొట్టు. ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకి ఒత్తిగిల్లాల్సినంత ఇరుకు సందులో, ముందు కొట్టు, మధ్యలో ఆకుపచ్చ తెర, తెర వెనక ఇల్లు. కొట్టులో బల్ల మీద నల్లరాతి పలక ఒకటి ఉండేది. పాత నాణేలు అమ్ముకోవడానికి వచ్చినవాళ్ళ దగ్గర కొన్నవన్నీ ఒక చెక్క పళ్ళెంలో పోసి ఉంచి, భోజనాలయ్యాక, మళ్ళీ కొట్టు తెరవబోయే ముందు, ఆయన వాటిని ఆ రాతి మీద కుమ్మరించేవాడు. ముందు ఒకటో రెండో టంగుమనేవి. వెంటనే అన్నీ కలిసి గలగలా దొర్లేవి. చివరికి ఏదో ఒక నాణెం బల్ల అంచుదాకా పోయి, గిర్రున తిరిగి, నెమ్మదిగా పడుకునేది. పిట్ట బల్ల కింద కూర్చుని లెక్కలు చేసుకునేది. ఆ చప్పుడయితేనే ఇంట్లో అందరూ ఉన్నట్టు, అంతా బాగున్నట్టు ఉండేది ఆమెకు. కుప్పలో ఒక్కటి డొల్లగా మోగినా తండ్రి తల వంచి వినేవాడు. వెతకకుండానే దాన్ని పట్టుకుని, పొట్టలో ఏముందో నోరే చెప్పేస్తుంది చూశావా అని నవ్వేవాడు.

వదిన ఆ ఇంటికి కోడలిగా వచ్చేసరికి ఆయన చూపు మందగించడం మొదలైంది. కొత్త కోడలు వంటింట్లోకంటే తన పక్కన ఉంటేనే లాభమని, ఆయనే ఆమెను పిలిచి కూర్చోబెట్టుకున్నాడు. నాలుగేళ్ళలో ఆమె చేతికి చాలా నేర్పాడు. చేతులు మారిన నాణెం ఎక్కడ అరుగుతుందో, పైపూత వేసిన నాణెం అంచుల దగ్గర ఎలా ఎర్రబడి గుట్టు బయటపెట్టుకుంటుందో, ఒకే బొమ్మతో వచ్చినా ఏ ఏడు దాకా వెండి వేశారో, ఏ ఏటి నుంచి మానేశారో, అన్నీ.

ఆ తర్వాత ఒక ఏడు పిట్ట సెలవు మీద ఇంటికి వస్తే, కొట్టు ఉన్నచోట ఎవరో గొడుగులు అమ్ముతున్నారు. ఇల్లు వేరే వీధికి మారిపోయింది. రాతి పలక లేదు, పళ్ళెం లేదు, నాణేలూ లేవు. తండ్రి పడక్కుర్చీలో కూర్చుని గోడవైపు చూస్తున్నాడు. అన్నయ్య, అమ్మేశాం అని ఒక్క మాట అన్నాడు. ఎందుకన్నా అంటే నీళ్ళు నమిలాడు. రెండేళ్ళు తిరక్కుండా తండ్రి పోయాడు. అన్నయ్య కళ్ళజోళ్ళ కొట్టులో పనికి కుదిరి, నెమ్మదిగా సొంత కొట్టు పెట్టుకున్నాడు. పిట్ట అతనితో పోట్లాడలేదు. కానీ అప్పటినుంచీ అన్నాచెల్లెళ్ళ మధ్య మాటలు, ఒంట్లో ఎలా ఉంది, వాన పడేట్టుందా అన్నదగ్గరే ఆగిపోయాయి. నాన్న ఊపిరి ఉండగానే కొట్టు గొంతు పిసికాడని ఆమె మనసులో ఉండిపోయింది.

ఇదంతా జరిగి చాలాకాలమైంది. ఇప్పుడు నాణేల కోసం సందుల్లో తిరగనక్కర్లేదు, ఫోనులోనే అమ్ముతున్నారు. పిట్ట పొద్దున్న లేచింది మొదలు అవే చూస్తూ కూర్చునేది. ఒకరోజు ఫోను పట్టుకుని దాదాపు పరుగెత్తుకుంటూ వదిన దగ్గరికి వచ్చింది.

ఫోటోలో ఒక చెక్క పళ్ళెం, దాని నిండా నాణేలు. పళ్ళెం మూల నల్లగా మాడి ఉంది. అతుకులు వేసే దీపం ఒరిగి ఆ మూల మాడిన రోజు వదినకు గుర్తుంది. మామగారు తడిగుడ్డ పట్టుకుని ఎంత కంగారుపడ్డాడో కూడా గుర్తుంది. అది ఆ పళ్ళెమే, సందేహం లేదు.

కింద రాసి ఉంది: పాత ఇంటి అటక మీద దొరికిన వెండి నాణేలు. ఎవరూ ఏరనివి, మంచివన్నీ ఇందులోనే. రెండు కిలోలు. ఉన్నవి ఉన్నట్టే, వాపసు లేదు. ఇంకా ఇద్దరు అడుగుతున్నారు, త్వరపడండి.

పిట్ట అప్పటికే అతనికి ఫోను చేసింది. మర్యాదగానే మాట్లాడాడట. సగం సొమ్ము ముందు పంపితే పార్సిలు కట్టేస్తానన్నాడట. నాన్న నాణేలు నాన్న పళ్ళెంలో దొరికితే ఇంకా ఆలోచించడానికి ఏముందని పిట్ట ఉద్దేశం.

వదిన కళ్ళజోడు పెట్టుకుని నిదానంగా మొత్తం చదివింది. కింద సన్నటి అక్షరాల్లో ఉన్నదాన్ని రెండుసార్లు చదివింది. పైన పెద్ద అక్షరాల్లో వెండి నాణేలు అని ఉంది. కింద వివరాల్లోకి వచ్చేసరికి వెండి రంగు నాణేలు అని ఉంది.

"పళ్ళెం మామగారిదే పిట్టా, కాదనను. అందులో ఉన్నవి ఆయన నాణేలని ఎవరు చెప్పారు? అసలు వెండని ఎవరు చెప్పారు?"

పిట్ట ముఖం ముడుచుకుంది. వదిన ఒక్కొక్కటే చూపించింది. ఎవరూ ఏరలేదంటున్నాడు, మరి బొమ్మలన్నీ పైకి తిరిగి అంత బుద్ధిగా ఎలా కూర్చున్నాయి? కనిపించేది పైవరస ఒక్కటే, అడుగున ఏముందో దేవుడికెరుక. రెండు కిలోలంటే పళ్ళెంతో కలిపా, విడిగానా? నాణేలే రెండు కిలోలున్నా అందులో రాగి కలిసే ఉంటుంది, అంతా వెండి లెక్క కట్టి అడుగుతున్నాడు. ఏ ఏటివో ఒక్క ముక్క రాయలేదు. ఇన్ని దాచినవాడు వాపసు తీసుకోనని మాత్రం ఎంత స్పష్టంగా రాశాడో చూడమంది.

"నీకు ప్రతిదానికీ అనుమానమే," అంది పిట్ట. ఆ మాటలో కొంచెం వేడి ఉంది. వదిన దాన్ని పట్టించుకోకుండా, పోనీ ఒక పని చెయ్యి, ఆ నాణేలన్నీ ఒక గుడ్డ మీద పరిచి ఈవేళ కొత్తగా ఫోటో తీసి పంపమను, ఒకదాన్ని తక్కెట్లో పెట్టి చూపించమను, పంపితే నేనే దగ్గరుండి సొమ్ము కట్టిస్తాను అంది.

అమ్మేవాడు ఆ రోజుకి ఊళ్ళో లేనన్నాడు. మర్నాడు తక్కెడ పాడైందన్నాడు. మీరు నమ్మకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తానని గట్టిగా ఒక మాట కూడా అన్నాడు. పిట్ట బెదిరిపోయి సొమ్ము పంపేద్దామనే అనుకుంది. అంతలో ఒక ఫోటో వచ్చింది. ఇదిగో, ఇప్పుడే తీశానని రాశాడు.

పిట్ట దాన్ని చూసి మొదట సంతోషపడింది. అదే పళ్ళెం, అవే నాణేలు, ఇంకాస్త దగ్గరగా. కానీ ఆమె కళ్ళు ఏళ్ళ తరబడి ఎక్స్‌రే ఫిల్ములు చూసిన కళ్ళు. కుడి ఎడమ తారుమారైతే ఎంత ప్రమాదమో తెలిసిన కళ్ళు. ఫోటోలో ఏదో ఒకటి ఆమెను గుచ్చుతూనే ఉంది. మంచినీళ్ళు తాగి వచ్చి మళ్ళీ చూసింది. అప్పుడు తెలిసింది. వెంటనే వదినకు ఫోను చేసింది.

"వదినా, నాణెం మీద రాజుగారు ఎటు చూస్తాడు?"

"ఆ ఫోటోలో ఉన్న రాజా? ఎడమవైపు. ఎప్పుడూ ఎడమవైపే."

"ఇందులో కుడికి చూస్తున్నాడు."

వదినకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. ఆ తర్వాత ఫోనులోనే నవ్వేసింది. కొత్త ఫోటో తియ్యడానికి చేతిలో నాణేలుంటే కదా. పాత ఫోటోనే అద్దంలో చూపినట్టు తిరగేసి పంపాడు. పాపం రాజుగారి చేత కూడా మొహం తిప్పించాడు. పిట్ట నవ్వింది గానీ, ఫోను పెట్టేశాక కుర్చీలోంచి చాలాసేపు లేవలేదు. చేతికి అందిన నాన్న మళ్ళీ జారిపోయినట్టయింది.

ఫోటో ఆ అమ్మేవాడు తీసింది కాదంటే ఇంకెవరిదో అయి ఉండాలి. ఆ ఇంకెవరి దగ్గరో పళ్ళెం ఉండి ఉండాలి. సాయంత్రం అన్నయ్య ఇంటికి వచ్చాక పిట్ట, చాలా ఏళ్ళ తర్వాత మొదటిసారి, నాన్న పళ్ళెం అప్పట్లో ఎవరికి అమ్మావని సూటిగా అడిగింది. అన్నయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తుడిచిందే తుడిచాడు.

"ఎదురు కొట్టాయనకి," అని చెప్పి, కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

ఎదురు కొట్టాయన అంటే తండ్రికి సరిగ్గా ఎదురుగా నాణేల వ్యాపారం చేసినవాడు. ఇద్దరూ ఒకరి బేరం ఒకరు చెడగొట్టుకుంటూ, ఒకరి టీ ఒకరు తాగుతూ బతికారు. వదిన అక్కడికి ఫోను చేసి కనుక్కోవచ్చు, కొట్టు నంబరు సులువుగానే దొరికేది. కానీ ఆమె ఆ ఊసు ఎత్తలేదు. మనమే వెళ్దాం పద అంది.

సందు అంతే ఇరుకుగా ఉంది. గొడుగులవాడు పోయి అక్కడ ఫోను కవర్లు అమ్ముతున్నారు. పిట్ట అటు చూడకుండా దాటబోయి చూసింది. తెర ఉన్నచోట గోడ కట్టేశారు. ఎదురు కొట్టు మాత్రం చెక్కుచెదరలేదు. లోపల ఆయన కూతురు, నడివయసు మనిషి, తలకు ఒక దీపం కట్టుకుని నాణేలు ఏరుతోంది. ఆమె మోచేతి దగ్గరే పళ్ళెం ఉంది. మాడిన మూల తళతళలాడేంత నున్నగా అరిగింది.

ఫోటో చూపిస్తే ఆమె వెంటనే గుర్తుపట్టింది. కిందటేడు తానే తీసి అమ్మకానికి పెట్టిందట, ఆ నాణేలు అప్పుడే అమ్ముడైపోయాయట. తన ఫోటో ఎత్తుకుపోయి అమ్ముకుంటున్నవాడు ఇతను మూడోవాడని చెప్పి, అక్కడికక్కడే ఫిర్యాదు పెట్టింది. ఇవాళ తీసేస్తారు, రేపు ఇంకో పేరుతో పెడతాడు, అంది విసుగ్గా.

మాటలు విని పైనుంచి మెట్లు దిగివచ్చాడు ఎదురు కొట్టాయన. బాగా ముసలివాడైపోయాడు. గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టూ దిగి, పిట్ట ముఖంలోకి చూశాడు.

"నువ్వు బల్ల కింద పిల్లవి కదూ," అన్నాడు.

టీ తెప్పించాడు. పిట్ట జరిగిందంతా చెప్పి, పళ్ళెం చూసి మోసపోబోయానని, నాన్న అయితే ఇలా ఎప్పటికీ మోసపోయేవాడు కాదని అంది. ఆయన గ్లాసు కింద పెట్టి వదిన వైపు చూశాడు. వదిన తల దించుకుంది. ఆ పిల్లకి ఇంకా చెప్పలేదా అని అడిగాడు. వదిన లేదన్నట్టు తలూపింది. ఇంక నేను దాచేదేముంది అంటూ ఆయనే మొదలుపెట్టాడు.

తండ్రికి చిన్ననాటి స్నేహితుడు ఒకడుండేవాడు. ఎప్పుడో దూరదేశం పోయి, అక్కడే కాలం చేశాడు. అతని మేనల్లుణ్ణంటూ ఒకడు పెట్టె ఒకటి తెచ్చాడు. పెట్టె నిజంగా ఆ స్నేహితుడిదే. దాని తాళం మీద చిన్నప్పుడు ఇద్దరూ కలిసి మేకుతో గీసిన గీతలు కూడా ఉన్నాయి. లోపల నిండా నాణేలు. తండ్రి పైవరసలోంచి తీసి రాతి మీద కొట్టి చూశాడు. ప్రతిదీ చక్కగా మోగింది. మొత్తం పెట్టె కొనడానికి ఉన్నది చాలక, తెలిసినవాళ్ళ దగ్గర అప్పు చేశాడు. కొడుకు మాత్రం, నాన్నా ఒక్కసారి కుమ్మరించి చూద్దాం అన్నాడు. ఆ మాట ఎదురు కొట్టుదాకా వినిపించింది.

"పోయినవాడి పెట్టె నేల మీద బోర్లించమంటావా, రేపు పైన వాడికి నా ముఖం ఎలా చూపించను అన్నాడు మీ నాన్న. అంతే, మీ అన్నయ్య ఊరుకున్నాడు."

పైవరస కింద ఉన్నవన్నీ పూత వేసినవి. ఆ మేనల్లుడు మళ్ళీ కనిపించలేదు. తండ్రి తలుచుకుంటే వాటిని మంచివాటిలో కలిపి, గంపగుత్తగా ఇంకొకడి నెత్తిన రుద్దేయొచ్చు. వ్యాపారంలో అలా చేసినవాళ్ళు లేకపోలేదు. ఆయన ఉలి తీసుకున్నాడు. తండ్రీకొడుకులిద్దరూ తలుపు దగ్గరగా వేసుకుని, ఒక్కొక్క నాణేన్నీ రెండు ముక్కలుగా నరికారు. ఇంకెవరి చేతిలోనూ అవి వెండిగా చెలామణీ కాకూడదని. ఆ రోజంతా సందులో ఉలి దెబ్బలు వినిపిస్తూనే ఉన్నాయట. నేను బేరాలు మానుకుని కూర్చున్నానమ్మా, అన్నాడు ముసలాయన. అప్పులు తీర్చడానికి కొడుకు కొట్టూ సామానూ అమ్మాడు. పళ్ళెం తానే కొన్నానని, ఎవరో ముక్కూమొహం తెలియనివాడికి పోవడం ఇష్టంలేక అడిగినదానికంటే కాస్త ఎక్కువే ఇచ్చానని చెప్పాడు.

పిట్ట వదిన వైపు తిరిగింది. "నీకు తెలుసా?"

"తెలుసు. మామగారే మాట తీసుకున్నారు. నాణేన్ని చెవితో పట్టే నాన్నే దానికి తెలుసు, అలాగే ఉండనివ్వండి అన్నారు. ఆయన పోయాక చెబుదామంటే మీ అన్నయ్య ఒప్పుకోలేదు. నాన్న అడిగింది అదొక్కటే కదా అన్నాడు."

పిట్ట కొంగుతో ముఖం తుడుచుకుని, సందులోకి చూస్తూ కూర్చుంది. ఇన్నేళ్ళూ అన్నయ్య తన ఎదురుగా నోరు కుట్టేసుకుని, తన పొడిపొడి పలకరింపులు కడుపులో పెట్టుకుని, వాన పడేట్టుందని మాత్రం చెబుతూ వచ్చాడు.

కాసేపటికి ఎదురు కొట్టాయన కూతురే మాట మార్చింది. నిజంగా కొనాలనుకుంటే తన దగ్గర కొన్ని ఉన్నాయంది. లోపలినుంచి ఒక సంచి తెచ్చి, అడక్కుండానే అన్నీ చెప్పింది. ఇందులో వెండి పాలు ఎంతో, రాగి ఎంతో, సంచి తూకం తీసేస్తే ఎంతో చెప్పింది. కొన్నిటికి గొలుసులో వేసుకోవడానికి కన్నాలు పొడిచారు, నాలుగైదింటికి అతుకులున్నాయి, అవి విడిగా పెట్టాను అంది. ఒక గుప్పెడు మాత్రం వెండి మానేసిన ఏటివి, వాటికి లెక్క కట్టను అని కూడా చెప్పింది.

"కుమ్మరించి చూపిస్తావా?" అని అడిగింది పిట్ట.

ఆమె సంచి ఎత్తి పళ్ళెంలో పోసి, పళ్ళెం ఎత్తి బల్ల మీద వంచింది. అది రాతి బల్ల కాదు, గాజు బల్ల. చప్పుడు సరిగ్గా అదే కాదు, కొంచెం పలచగా ఉంది. అయినా పిట్ట కళ్ళు మూసుకుంది. ముసలాయన కూడా తల వంచి విన్నాడు. వదిన ఆ కుప్పలోంచి ఒక్కొక్కటీ తీసి, అంచు చూసి, వేలి చివర నిలబెట్టి మీటి, పక్కన పెట్టింది. ఒకదాని దగ్గర ఆగి, ఇది కాస్త తేడాగా ఉందంది. కొట్టావిడ తూచి చూసి ఒప్పుకుని పక్కకు తోసేసింది. పిట్ట అనుకున్నంత కుప్ప కాదుగానీ, రెండు చేతుల నిండా వచ్చేన్ని కొంది.

బయలుదేరేటప్పుడు ముసలాయన పళ్ళెం ముందుకు జరిపి, ఇది నీదేనమ్మా తీసుకుపో అన్నాడు. పిట్ట దాని మాడిన మూలను ఒకసారి నిమిరింది. వద్దంది. మా ఇంట్లో అయితే దుమ్ము పడుతూ గోడకి ఆనుకుని ఉంటుంది, ఇక్కడ పనిలో ఉంది, పనిలోనే ఉండనివ్వండి అంది.

బస్సు దిగాక వదిన ఇంటివైపు తిరిగింది. పిట్ట సంచి పట్టుకుని సరాసరి అన్నయ్య కొట్టుకు వెళ్ళింది. అతను ఎవరికో కళ్ళజోడు చెవి దగ్గర సరిచేస్తున్నాడు. ఆమె మూల కుర్చీలో కూర్చుంది. ఆ మనిషి వెళ్ళాక అన్నయ్య అలవాటుగా, ఒంట్లో బాగానే ఉందా అన్నాడు.

"నువ్వు కుమ్మరించి చూద్దామన్నావట," అంది పిట్ట.

అన్నయ్య చేతిలో ఉన్న చిన్న స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టాడు. ఏ విషయమని అడగలేదు.

"అన్నాను. ఇంకాస్త గట్టిగా అనాల్సింది."

"అంటే వినేవాడా?"

అన్నయ్య ఆలోచించాడు. "వినేవాడు కాదు," అన్నాడు. అని, కళ్ళజోడు తీసి మళ్ళీ తుడవబోయాడు. పిట్ట లేచి వెళ్ళి అతని భుజం మీద చెయ్యి వేసింది. ఆస్పత్రిలో ఎంతమంది భుజాల మీదో వేసిన చెయ్యే అది. అన్న మీద వెయ్యడానికే ఇంతకాలం పట్టింది.

నెమ్మదిగా అన్నయ్యే మాట్లాడటం మొదలుపెట్టాడు. నరికిన ముక్కలన్నీ పాత సామాన్లవాడికి ఇత్తడి కింద ఇచ్చేశారట. ఆ రోజు ఉలి పట్టుకుని నాన్న చేతులు బొబ్బలెక్కితే, కోడలు మందు రాయబోయిందట. ముందు మీ ఆయనకు రాయమ్మా, వాడు నాకంటే ఎక్కువ నరికాడు అన్నాడట. పిట్టకు ఇవేవీ తెలియవు. ఒక్కొక్కటీ అడిగి చెప్పించుకుంది.

తర్వాత అన్నయ్య సంచి వైపు చూసి, ఏం కొన్నావు, చూడనీ అన్నాడు. ఫ్రేములన్నీ ఒక పక్కకు నెట్టి జాగా చేశాడు. లెన్సులు చూసే భూతద్దం తీశాడు. అరిగిపోయిన నాణెం ఒకటి చేతికి రాగానే, దాని మీద సంవత్సరంలో చివరి అంకె మూడని అతనూ, కాదు ఎనిమిదని పిట్టా వాదులాడుకోవడం మొదలుపెట్టారు. భూతద్దం ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుంటూ ఉండగా, కళ్ళజోడు కోసం వచ్చిన ఒకాయన గుమ్మంలో నిలబడి, కొట్టు తెరిచే ఉందా అని అడిగాడు. అన్నయ్య తలెత్తకుండానే, రండి, కూర్చోండి, మీ కళ్ళు బాగా కనిపిస్తే ఇదేమిటో కాస్త చదివిపెట్టండి అన్నాడు.